ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు



ఆత్మహత్యలను ఆపడానికి ఇంట్లో, వాడలో, ఊళ్లో మనం ఏం మాట్లాడుకోవాలన్నది ఈరోజు నా విషయం. మొదలుపెట్టే ముందే ఒక నంబరు చెబుతాను, దగ్గర్లో పెన్నుంటే రాసుకోండి. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడు వింటున్నవాళ్లలో ఎవరికైనా బతుకు మీద విరక్తిగా ఉంటే, నా ప్రసంగం పూర్తయ్యేదాకా ఆగకండి. రేడియో కట్టేసి ఫోన్ చేయండి. నేను చెప్పబోయే వాటన్నిటికంటే ఆ ఫోను ముఖ్యం.

డ్వాక్రా సంఘాల మీటింగులకు వెళ్లి ఈ విషయం మాట్లాడటం కొన్నేళ్లుగా నాకు అలవాటైన పని. అంగన్‌వాడీ గదిలోనో ఎవరింటి పంచలోనో చాపలు పరుస్తారు. పొదుపు డబ్బులు లెక్క చూసుకుని, పుస్తకంలో సంతకాలు అయ్యాక నన్ను మాట్లాడమంటారు. నేను ముందు నిద్ర గురించి అడుగుతాను. సరిగ్గా నిద్ర పట్టనివాళ్లు ఎవరంటే సగం చేతులు లేస్తాయి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. అక్కడి నుంచి అసలు మాటకొచ్చేసరికి ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, ఇంకొకావిడ చంటిపిల్లను ఎత్తుకుని గడపలోకి పోయి నిలబడుతుంది. వినాలని ఉంటుంది, లోపల కూర్చుని వినే ధైర్యం ఉండదు. పల్నాడులో ఒక పెద్దావిడ సూటిగా అడిగింది: “అట్టా చచ్చిపోవాలనుందా అని అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా అమ్మా?”

ఈ భయం పల్లెల్లోనే ఉందనుకోవద్దు. టీచర్లకు ఉంది, చదువుకున్న తల్లిదండ్రులకు ఉంది, కొందరు డాక్టర్లకూ ఉంది. దీనివల్లే మనం మనిషి చుట్టూ తిరుగుతాం గానీ మనిషి దగ్గరికి పోం. “ఏంటి అదోలా ఉన్నావ్” అంటాం, “అన్నం తిన్నావా” అంటాం, “అన్నీ సర్దుకుంటాయిలే” అని లేచి వచ్చేస్తాం.

ఆవిడ ప్రశ్నకు జవాబుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని 6 హైస్కూళ్లలో 2,342 మంది పిల్లలతో చేసిన ఒక పరిశోధన 2005లో వెలువడింది. కొంతమందికి ఇచ్చిన ప్రశ్నపత్రంలో ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు. మిగతావాళ్లకు ఆ ప్రశ్నలు పెట్టలేదు. రెండు రోజుల తర్వాత అందరినీ మళ్లీ పరిశీలించారు. ప్రశ్న అడిగినందువల్ల ఎవరికీ దిగులు పెరగలేదు, ఆ ఆలోచనలూ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లల్లోనైతే, ఆ ప్రశ్న ఎదురుకానివాళ్ల కంటే ఎదురైనవాళ్లే కాస్త తేలికపడ్డారు. తర్వాత పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లోనూ అడగడం వల్ల హాని జరిగినట్టు తేలలేదు.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ ఆలోచన వచ్చిన మనిషికి మనం కొత్తగా చెప్పేదేముంది? రోజుల తరబడి దాన్ని లోపలే పెట్టుకుని, బయటపడితే ఏమనుకుంటారోనని సిగ్గుతో, తనను చూసి తనకే భయంతో ఉంటాడు. ఎదుటి మనిషి తనంతట తానే ఆ మాట పలికితే, ఇది ఇక్కడ మాట్లాడుకోవచ్చన్నమాట అనిపిస్తుంది. ఆ ఆలోచనే లేని మనిషైతే “ఛ, అంతదాకా రాలేదులే” అంటాడు. మనకు పోయేదేమీ లేదు.

ఎలా అడగాలన్నదే కష్టం. అందుకని మీటింగుల్లో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ఒక ఊళ్లో మిర్చి రైతుల ఇళ్ల ఆడవాళ్లలో ఒకామె పక్కింటి కుర్రాడయింది, ఇంకొకామె అప్పులపాలైన బాబాయ్ అయింది.

“బాబాయ్, నాలుగు రోజుల్నుంచి చేనుకాడికి రావట్లేదేంది?”

“ఏం లేదురా. మనసు బాగోలేదు.”

“నిద్ర పడుతుందా?”

“ఏం నిద్ర. రాత్రి రెండింటికే మెలకువొచ్చుద్ది. ఇక తెల్లారిందాకా ఆలోచనలే.”

“ఏం ఆలోచిస్తావు బాబాయ్?”

“నేను లేకపోతే మీ పిన్నికి ఈ తిప్పలుండవు గదా అని.”

మామూలుగా అయితే ఇక్కడ మనం “ఛా, అవేం మాటలు!” అంటాం. ప్రేమతోనే అంటాం, కానీ తలుపు మూసుకుపోతుంది. ఆమె అలా అనలేదు. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అడిగింది: “బాబాయ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. చచ్చిపోవాలని గానీ అనిపిస్తుందా?”

“అప్పుడప్పుడు,” అంది బాబాయ్ అయినావిడ.

అది నేర్చుకోవడానికి చేస్తున్నదని అందరికీ తెలుసు. అయినా ఆ మాట తర్వాత గదిలో ఎవరూ నవ్వలేదు. కుర్రాడైనామె చేయి చాపి ఆమె మోకాలి మీద వేసి, “నాకు చెప్పావు, మంచిపని చేశావు” అంది. నేను నేర్పిన మాట కాదది. ఆ స్థితిలో ఉన్న మనిషి వినాల్సిన మొదటి మాట అదేనని నేను ఆరోజు ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మనుషులు ఈ విషయం నేరుగా చెప్పరు. “నేను పోతే మీకు పీడ విరగడవుద్ది”, “ఇక ఎన్నాళ్లులే”, “నా తర్వాత పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో” లాంటి మాటలు వస్తాయి. కొందరు మాటల్లో కూడా చెప్పరు. ఎవరికెంత బాకీ ఉందో కాగితం మీద రాసిపెడతారు. పాసుపుస్తకం ఎక్కడుందో, బంగారం ఏ బ్యాంకులో కుదువ పెట్టారో భార్యకు కొత్తగా చెబుతారు. ఇష్టంగా పెంచుకున్న కోడినో కుక్కనో ఎవరికో ఇచ్చేస్తారు. తాగుడు ఉన్నట్టుండి పెరుగుతుంది. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నం చేసిన మనిషి గురించి మనలో ఒక చెడ్డ మాట ఉంది, “బెదిరించడానికి చేశాడు” అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వేరు. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఇంతకుముందు ప్రయత్నించినవాళ్లే.

అడిగాక వినాలి. వినడానికి అడ్డొచ్చే మాటల్లో అన్నిటికంటే ముందుండేది “నీకేం తక్కువ?” అన్నది. ఇల్లుంది, ఉద్యోగముంది, బంగారం లాంటి పిల్లలున్నారు, నీకేం తక్కువ అంటాం. వినే మనిషికి అదెలా చేరుతుందంటే, ఇన్ని ఉండి కూడా బాధపడుతున్నానంటే తప్పు నాలోనే ఉంది అని. అప్పటికే తన మీద తనకు అసహ్యం కలిగి ఉన్న మనిషి నెత్తిన మనం ఇంకో బరువు పెడతాం. “పిల్లల మొహం చూసైనా” అన్న మాటా అంతే. నా పిల్లలకు నేనే భారం అని నమ్ముతున్న తల్లికి ఆ మాట ఊరట కాదు. “పిరికివాళ్లే అలా చేస్తారు” అని వేదికల మీద కూడా అంటుంటారు. దయచేసి ఆ మాట ఇకనైనా వదిలేయాలి. అది విన్న మనిషి, నేను పిరికివాణ్నని ఎవరికీ తెలియకూడదని మరింత గట్టిగా నోరు మూసుకుంటాడు. ఆ చావులో సమాజానికి ఏదో చాటి చెప్పిన గొప్పతనం ఉందన్నట్టు మాట్లాడటం కూడా అంతే ప్రమాదం.

ఇంకొకటి కూడా గట్టిగా చెప్పాలి. “ఎవరికీ చెప్పనని ఒట్టెయ్” అంటారు. ఒట్టేయకండి. “ఊరంతా చెప్పను, కానీ నువ్వు బతకడానికి ఎవరికి చెప్పాలో వాళ్లకు చెబుతాను” అనండి.

ఇలా మాట్లాడటానికి పెద్ద చదువులు అక్కర్లేదని చూపించినవాళ్లు ఆఫ్రికాలో ఉన్నారు. వాళ్ల గురించి కాస్త వివరంగా చెబుతాను. జింబాబ్వే దేశ రాజధాని హరారే. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడున్నారు. అప్పట్లో కోటిమందికి పైగా జనాభా ఉన్న ఆ దేశానికి సైకియాట్రిస్టులు పది పన్నెండు మందే. ఆయన దగ్గర చికిత్స పొందుతున్న ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేకపోయారని తల్లిని అడిగితే, బస్సు ఛార్జీలకు డబ్బుల్లేవు అంది. ఆ మాట ఆయన్ని వదల్లేదు. రోగి ఆసుపత్రికి రాలేకపోతే, వైద్యమే రోగి ఉన్న వాడకు వెళ్లాలి కదా అనుకున్నారు. కానీ ఆయనకు డాక్టర్లు దొరకలేదు, నర్సులు దొరకలేదు, గది కూడా దొరకలేదు. దొరికింది 14 మంది అమ్మమ్మలు, నాయనమ్మలు. మ్బారే అనే పేదల వాడలో క్లినిక్ తరఫున ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు వాళ్లు. అది 2006. గది లేదు కాబట్టి క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీ వేశారు. డాక్టరుగారు దానికి మానసిక ఆరోగ్యం బెంచీ అని పేరు పెట్టబోతే, ఆ పేరు పెడితే ఒక్కరూ వచ్చి కూర్చోరని ఆ పెద్దవాళ్లే చెప్పారట. చివరికి స్నేహ బెంచీ అయింది.

ఆ బెంచీ మీద జరిగేది ఉబుసుపోక కబుర్లు కాదు. దానికొక పద్ధతుంది. ముందు వచ్చిన మనిషిని పూర్తిగా చెప్పనిస్తారు. చెప్పినవన్నీ కలిపి చూస్తే కొండంత ఉంటాయి. అందులోంచి ఒక్క సమస్యను ఆ మనిషి చేతే ఎంచిస్తారు. దానికి ఈ వారంలో చేయగలిగిన పని ఏమిటో ఆ మనిషి నోటితోనే చెప్పిస్తారు. వచ్చేవారం మళ్లీ కూర్చుని, అయిందా లేదా, కాకపోతే ఏమడ్డమొచ్చింది అని చూస్తారు. ఇలా ఆరు వారాలు. హరారేలో 24 క్లినిక్‌లలో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లలో సగం మందికి కుంగుబాటు అలాగే ఉంది. బెంచీ దగ్గరికొచ్చినవాళ్లలో నూటికి 14 మందికే ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు మామూలు వైద్యంవైపు నూటికి 12 మందిలో ఉంటే, బెంచీవైపు ఇద్దరిలో మాత్రమే ఉన్నాయి.

మనకు ఇది ఆఫ్రికాలో ఎక్కడో జరిగిన వింతలా అనిపించక్కర్లేదు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, గిరిజన గ్రామాల్లో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ మన ఆశా కార్యకర్తలతోనే ఇలాంటి పని చేయించింది. ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చి, నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటోందా, బతకాలని ఉందా లేదా అని ఇంటింటికీ వెళ్లి అడగడం నేర్పారు. సమస్య ఉందని తేలినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. దాంతోపాటు ఊళ్లలో నాటకం వేశారు, మానసిక సమస్యతో బతికిన మనిషి తన కథ తానే చెప్పే వీడియో చూపించారు. అంతకుముందు ఇలాంటి బాధ ఉన్నవాళ్లలో వైద్యం కోసం వెళ్లినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. ఆ తర్వాత 12.6 శాతమయ్యారు. చాలా తక్కువే కదా అనిపించవచ్చు. కానీ ఆసుపత్రికి వెళ్తే పిచ్చి అంటారని ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు బయటికొచ్చిన లెక్క అది. నాకది చిన్నగా కనిపించదు.

నేను ఇవన్నీ చెబితే ఒకాయన లేచి, “మాటలతో అప్పు తీరుద్దా?” అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కౌలు పైకానికి గడువు దగ్గరపడి, పురుగుమందుల షాపువాడు ఇంటిముందు నిలబడిన రైతుకు ఉత్త ఓదార్పు సరిపోదు. మాట పనిలోకి దిగాలి. తెలంగాణలో వికారాబాద్ జిల్లా యంత్రాంగంతో కలిసి 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ చేసింది అదే. రైతు ఫోన్ చేసి పాసుపుస్తకం రాలేదనో, బ్యాంకు రుణం ఇవ్వట్లేదనో, పంట నష్టం డబ్బు పడలేదనో చెబితే, ఆ సంగతి సంబంధిత అధికారి దాకా తీసుకెళ్లి వెంటపడతారు. రైతుకు తన మాట ఎక్కడికో చేరిందన్న నమ్మకం కలుగుతుంది. మంచి మాటా, అర్జీ రాసిపెట్టడమూ రెండూ ఒకే మనిషి చేయగలిగితే అంతకంటే ఏం కావాలి. ఊళ్లో అర్జీ రాయగలిగిన కుర్రాళ్లు ఉన్నారు, పోర్టల్‌లో వివరాలు ఎక్కించగలిగిన ఆడపిల్లలు ఉన్నారు. ఈ పనిలోకి వాళ్లనూ తీసుకురావాలి.

మనకు ఎవరితో మాట్లాడాలన్నది కూడా పెద్ద చిక్కు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. అదే లెక్కల్లో కారణాలు చూడండి. ప్రేమ విఫలమనీ పరీక్ష తప్పాడనీ మనం అనుకుంటాం గానీ, కుటుంబ సమస్యలు, అనారోగ్యం ఈ రెండే కలిపి దాదాపు సగం. ఒక్క కారణంతో ఎవరూ అంతదాకా రారు. తీరని నొప్పి, దానికి అప్పు, దాంతో ఇంట్లో గొడవ, దాంతో తాగుడు, ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. నేను వెళ్లేది ఆడవాళ్ల సంఘాలకు. మగవాళ్లకు అలాంటి సంఘం లేదు. రచ్చబండ దగ్గర రాజకీయాలు మాట్లాడతారు, టీ కొట్టు దగ్గర రేట్లు మాట్లాడతారు. బెల్టు షాపు దగ్గర మాత్రం లోపలి మాటలు కొన్ని బయటికొస్తాయి. కానీ పొద్దున్నకి ఎవరికీ గుర్తుండవు, గుర్తున్నా తాగి వాగాడంటారు. నేను మంగలి షాపులవాళ్లతో, ట్రాక్టరు డ్రైవర్లతో, రైతు సేవా కేంద్రాల సిబ్బందితో మాట్లాడటానికి ప్రయత్నిస్తున్నాను. గడ్డం గీయించుకునేటప్పుడు మనిషి అద్దంలో తన మొహం తాను చూసుకుంటూ, పక్కనున్న మనిషితో చెప్పనివి చెబుతాడని ఒక మంగలి సోదరుడు నాతో అన్నాడు. వినే ఓపిక ఉన్న అలాంటి మగవాళ్లు ఊరికి ఇద్దరున్నా చాలు.

భయాల్లో ఇంకొకటుంది, పోలీసు కేసు. ప్రయత్నం చేసిన మనిషిని కేసవుతుందేమోనని పెద్దాసుపత్రికి తీసుకెళ్లకుండా దాచిపెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. అలా గంటలు గడిచిపోతాయి. పాత భారత శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ఉండేది, ఏడాది దాకా జైలు వేయొచ్చనేది. 2018 మే నుంచి అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యమూ పునరావాసమూ చూడటం ప్రభుత్వం బాధ్యత. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309 లేనే లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నానికి మాత్రం వేరే సెక్షన్ ఉంది. ఆసుపత్రిలో ఎం.ఎల్.సి., అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తారు, పోలీసులు వచ్చి వివరాలు అడగొచ్చు. భయపడకండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఏం చేస్తున్నామన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మనవాళ్లు ఏం చేస్తారు? ఇక ఆ సంగతి ఎత్తొద్దంటారు. చుట్టాల దగ్గర కడుపునొప్పి అని చెబుతారు. ఆ మనిషి ఇంట్లో అందరి మధ్యే ఒంటరిగా ఉంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, మన దేశంలో చెన్నైలో, ఒక పరీక్ష చేసింది. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికొచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యం చేసి పంపారు. మిగతావాళ్లకు దాంతోపాటు ఒక గంటసేపు కూర్చుని ఈ సంగతి మాట్లాడారు. తర్వాత ఏడాదిన్నరలో 9 సార్లు ఫోన్ చేయడమో, ఇంటికి వెళ్లడమో చేసి, ఎలా ఉన్నావని అడిగారు. చేసింది అంతే. మామూలు వైద్యం అందినవాళ్లలో తర్వాత ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు వెయ్యికి 22 మంది ఉంటే, ఇలా పలకరింపు అందినవాళ్లలో వెయ్యికి ఇద్దరు. ఈ ఫలితం 2008లో వెలువడింది. ఏడాదిన్నరలో తొమ్మిది సార్లు ఒక మనిషిని పలకరించడం మనలో ఎవరికి చేతకాదు?

పొలం ఉన్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. పురుగుమందులు పడుకునే గదిలోనో వసారాలోనో ఉంచొద్దు. తాళమున్న పెట్టెలో పెట్టి, తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. చనిపోవాలన్న తెగింపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంక 1995 నుంచి అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. అక్కడ ఆత్మహత్యలు దాదాపు 70 శాతం తగ్గాయి. చేతికి అందకపోతే ఇంకో దారి వెతుక్కుంటారు అనేవాళ్లకు ఆ దేశమే సమాధానం.

పిల్లల గురించి రెండు మాటలు. ఇంటర్ ఫలితాలొచ్చే రోజు మన రెండు రాష్ట్రాల్లోనూ భయం భయంగా ఉంటుంది. ఆ రోజు పిల్లలను ఒంటరిగా వదలకండి, బంధువుల ఫోన్లు మీరు ఎత్తండి, పిల్లల చేత ఎత్తించకండి. సప్లిమెంటరీ పరీక్ష ఉందన్న సంగతి ఫలితాలకు ముందే ఇంట్లో మామూలుగా మాట్లాడుకోండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిస్తూ, 100 మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీ పిల్లల కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో వెళ్లి అడగండి. ఫీజు కట్టేటప్పుడు అడగగలిగిన హక్కే ఇది.

చివరిగా, ఇప్పటికే ఒకరిని పోగొట్టుకున్న ఇళ్ల గురించి. ఆత్మహత్య జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లేవాళ్లే తక్కువ. వెళ్లినవాళ్లు కూడా ఎలా చేశాడు, ఎందుకు చేశాడు, మీకు ముందే తెలియలేదా అని అడుగుతారు. పోలీసు అడిగిన ప్రశ్నలే ఊరూ అడుగుతుంది. పెద్దకర్మ అయిపోయాక ఆ గడప తొక్కేవాళ్లుండరు. శుభకార్యాలకు పిలవరు. చనిపోయిన మనిషి పేరు ఎవరూ ఎత్తరు. భార్య మీద నింద పడుతుంది, తల్లి తనను తానే నిందించుకుంటుంది. అలాంటి ఇంట్లో మిగిలినవాళ్లకు కూడా ప్రమాదం ఎక్కువే. అందుకే ఆ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లడం ఉత్త మర్యాదతో పోయేది కాదు, ఇంకొక చావును ఆపే పని.

వెళ్లినప్పుడు కారణాలు అడగకండి. చనిపోయిన మనిషి పేరు పలకండి. మీకు గుర్తున్న సంగతి ఏదైనా చెప్పండి, వాలీబాల్ బాగా ఆడేవాడనో, నా బండి పాడైతే రాత్రిపూట వచ్చి బాగుచేశాడనో. పదకొండో రోజుకు వెళ్లలేకపోతే నెల తర్వాత వెళ్లండి, నెల తర్వాతే ఎవరూ రారు. రేషన్ కార్డులో పేరు మార్పించడానికి, వితంతు పింఛన్ అర్జీకి ఆమెతోపాటు సచివాలయానికో మండలాఫీసుకో వెళ్లండి. పిల్లల్ని మీ పిల్లలతోపాటు బడికి తీసుకెళ్లండి. మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే ఈ వారమే వెళ్లిరండి.